అడవిపొగయు వానమబ్బును

(కోవిల్‌పట్టియందును విరుదునగరమునందును జరిగిన మన సంఘసభలలో చేసిన ప్రసంగము. సభ్యుల కోరికపై ఇచట ముద్రింపబడినది.)



నేడు నేను మాటలాడదలచినది కార్చిచ్చు పొగనుగూర్చియు, ఆ పొగ వానమబ్బునకు చేయు మేలుకీడులనుగూర్చియు. భాషాసంఘపు వేదికపై ఈ ప్రసంగ మెందులకని కొందరికి తోచవచ్చును. మన పూర్వులు ఉత్తరమునుండి తరలివచ్చి ఈ నల్లరేగడి నేలపై కాపురములు పెట్టినప్పుడు వారికి కావేరివంటి నది దొరకలేదు; గోదావరి కాలువలవంటి కాలువలును దొరకలేదు. వారికి దొరకిన ఆధారము ఆకాశ మొక్కటియే. కోవిల్‌పట్టి చెంతనున్న ఇడైశెవల్ గ్రామమున తెలుగు మాటలాడు కుటుంబమునందు జన్మించిన కి. రాజనారాయణన్‌గారు 1976లో వెలువరించిన ‘గోపల్ల గ్రామం’ అను తమిళనవలలో ఆ వలసకథయే చెప్పబడినది. మెట్టను నమ్మి, వానను నమ్మి నిలిచినవారి సంతతి మనము. వాన నిలిచిననాడు ఊరు నిలిచినది. ఊరు నిలిచినందుననే ఇంటిలో తెలుగు నిలిచినది. కావున వానమబ్బునకు సంబంధించిన విచారము మన సంఘమునకు పరాయిది కాదు.

మన కోవిల్‌పట్టి ప్రాంతమున సాలుకు కురియు వాన సుమారు 700 మిల్లీమీటర్లు మాత్రమే. అందులో పెద్దభాగము ఐప్పసి, కార్తిక మాసములలో ఈశాన్య ఋతుపవనమువలన వచ్చును. చిత్తిరై, వైగాసి నెలలలో ఉరుములతో వచ్చు వేసవివాన కొంత. నైరుతి ఋతుపవనము పడమటి కనుమల కావలనే తన నీటిని కుమ్మరించి, ఇటు మనకు వట్టి గాలిని పంపును. ఇట్టి మెట్టనేలలోని ప్రత్తి, జొన్న మొదలగు పైరులపై పరిశోధించుటకై 1901లోనే కోవిల్‌పట్టియందు వ్యవసాయ పరిశోధనకేంద్రము నెలకొల్పబడినది. ఇచట ‘మానావారి’ అని పిలువబడు భూములలో విత్తు చల్లువాడు మొదట చూచునది నేలను కాదు, నింగిని.

పెద్దల మాట

ప్రతియేటను మాసి, పంగుని నెలలలో శ్రీవిల్లిపుత్తూరు, రాజపాళయముల పడమట నిలిచియున్న కొండలపై గడ్డి యెండిపోవును. ఎక్కడనో నిప్పు పడును. రాత్రివేళ కొండచరియపై ఎఱ్ఱని దండవలె మంట ప్రాకుట మైదానమునుండి కనబడును. తెల్లవారునప్పటికి పొగ బూడిదరంగు తెరవలె వ్రేలాడుచుండును. అది చూచి, “పోనిండు, పొగ పైకి పోయిన మబ్బు కట్టును, వాన దిగివచ్చును” అని ఊరడిల్లువారు మనలో కలరు.

మేఘమున పొగకు పాలు కలదను మాట మనవారికి క్రొత్తది కాదు. కాళిదాసు మేఘసందేశమున మేఘము దేనిదేనితో కూడియున్నదో చెప్పుచు పొగను కూడ లెక్కించియున్నాడు. యజ్ఞమువలన వాన కలుగునను విశ్వాసము మన యిండ్లలో తరతరములుగా వచ్చుచున్నది. దీనిని ఎగతాళి చేయుట నా ఉద్దేశము కాదు. శాస్త్రము ఈ మాటలో సగమును స్థిరపరచినది. తక్కిన సగమును సవరించినది. ఆ సవరణయే నేటి నా ప్రసంగము.

మేఘబీజములు

గాలిలోని తేమ ఊరక నీటిబొట్టుగా మారదు. పట్టుకొనుటకు దానికొక ఆధారము కావలెను. చల్లని నీరు పోసిన చెంబునకు వెలుపల చెమ్మ పట్టును గదా. అచట చెంబే ఆధారము. ఆకాశమున చెంబు లేదు. కంటికి కానరాని ధూళికణము, సముద్రపు అలలనుండి లేచిన ఉప్పుకణము, పొగకణము - ఇవియే అచట ఆధారములు. స్కాట్లండు దేశస్థుడైన జాన్ ఐట్కెన్ 1880 ప్రాంతమున గాజుపాత్రలతో ప్రయోగములు చేసి, ధూళిని వడకట్టిన గాలిలో పొగమంచు పుట్టదనియు, ధూళి గల గాలిలోనే పుట్టుననియు చూపెను. ఈ కణములను మనము మేఘబీజములని పిలుచుకొందము. బీజము లేనిదే మబ్బు లేదు. ఇంతవరకు పెద్దల మాట నిజమే.

అయితే బీజ మెంత కావలెను? పైరు పెట్టువారికి ఈ ప్రశ్న తెలియనిది కాదు. ఒక ఎకరమునకు చల్లవలసిన విత్తనమును పదింతలు చల్లినచో పంట పదింత లగునా? మొలకలు ఒకదాని నొకటి అణచుకొని పీచుగా పెరుగునేగాని కంకి వేయవు. మబ్బు విషయమును అట్టిదే.

కొలతలు కొన్ని చెప్పెదను. వీనిని మనసున నిలుపుకొనిన తక్కినదంతయు సులభమగును. పొగకణము మిల్లీమీటరులో సుమారు పదివేలవ వంతు. దానిపై తేమ చేరగా ఏర్పడు మేఘబిందువు మిల్లీమీటరులో సుమారు ఏబదవ వంతు. నేలపై పడు వానచినుకు సుమారు రెండు మిల్లీమీటర్లు. అనగా ఒక్క చినుకు సిద్ధమగుటకు ఇంచుమించు పదిలక్షల మేఘబిందువులు కలిసిపోవలెను. అవి కలియుట ఎట్లు? కొన్ని బిందువులు కొంచెము పెద్దవై, బరువెక్కి, వేగముగా దిగుచు త్రోవలోని చిన్నవానిని తమలో చేర్చుకొనును. బిందువుల వ్యాసార్థము మిల్లీమీటరులో వేయింట పదునాలుగు వంతుల దాక పెరిగిననేగాని ఈ కలయిక చక్కగా సాగదని పరిశోధకులు కనుగొనిరి.

ఇప్పుడు అడవిపొగ వచ్చి చేరినదనుకొందము. స్వచ్ఛమైన సముద్రపు గాలిలో ఒక ఘనసెంటీమీటరునకు నూరు మేఘబిందువులుండుచోట పొగమబ్బులో వేయియు, అంతకు మించియు ఉండును. బిందువులు పెరిగినవి గాని తేమ పెరుగలేదు. పదిమందికి వండిన సంకటిని నూరుమందికి పంచినట్లగును. ఎవరికిని ఆకలి తీరదు, ఎవరును బలియరు. బిందువులన్నియు ఒక్కటే తీరున సన్నగా నిలిచి, ఒకదానితో నొకటి కలియక, గాలిలో తేలియాడి, తుదకు ఆవిరియై పోవును. మబ్బు వచ్చును, వాన రాదు.

దీనికి తోడు మరియొక మార్పు. తూత్తుకుడి ఉప్పళములలోని పెద్ద ఉప్పుగల్లును వెలుతురున పట్టి చూచిన అద్దమువలె ఉండును. దానినే దంచి పొడిచేసిన తెల్లగా మెరయును. ఉప్పు అదియే, తూకము అదియే. ముక్కలు సన్నమగుటచే వెలుతురును వెనుకకు మరలించు శక్తి పెరిగినది. పొగమబ్బును అట్లే. అందలి బిందువులు సన్నవగుటచే అది మరింత తెల్లనై సూర్యరశ్మిని ఆకాశమునకు త్రిప్పి పంపును. ఈ సంగతిని షాన్ ట్వోమీ 1974లో వివరించెను. చినుకు రాలనందున ఇట్టి మబ్బు ఎక్కువసేపు నిలువవచ్చునని బ్రూస్ ఆల్బ్రెక్ట్ 1989లో చెప్పెను. తెల్లనై, చాలసేపు నిలిచిన మబ్బు క్రింది నేలను చల్లబరచును. పొగవలన భూమి చల్లబడుననుటకు మొదటి కారణ మిదియే.

నిదర్శనములు

ఇది కేవలము ఊహయా అని మీరు అడుగవచ్చును. కాదు. 1997లో అమెరికా, జపాను దేశములు కలిసి ఉష్ణమండలపు వానలను కొలుచుటకై ఒక ఉపగ్రహమును పంపినవి. 1998లో బోర్నియో ద్వీపమున ఇండొనేసియాకు చెందిన కాలిమాంటాన్ అడవులు మండుచుండగా ఆ ఉపగ్రహము తీసిన చిత్రములను జెరూసలేము విశ్వవిద్యాలయపు డానియల్ రోసెన్‌ఫెల్డ్ పరిశీలించి 1999లో ప్రకటించెను. పొగలో పుట్టిన మబ్బులు కురియలేదు. వాని ప్రక్కనే పొగ సోకని మబ్బులు కురిసినవి. ఆకాశ మొకటే, కాల మొకటే, తేడా పొగ.

మన దేశమునను ఇట్టి పరిశోధన జరిగినది. పూనాలోని ఉష్ణమండల వాతావరణశాస్త్ర సంస్థవారు 2009లో ప్రారంభించిన మేఘపరిశోధనలో హైదరాబాదు మొదలగు ఊళ్లనుండి విమానములు మబ్బులలోనికి ఎగిరి బిందువులను లెక్కించినవి. గాలిలో కణములు హెచ్చిన కొలదియు, వాన పుట్టుటకు మబ్బు మరింత ఎత్తు పెరుగవలసి వచ్చుచున్నదని తేలినది. అనగా చిన్నమబ్బు కురియుట మానును. ఎత్తు పెరుగగల పెద్దమబ్బునకే ఆ భాగ్యము మిగులును.

ఆ పెద్దమబ్బు మాట కొంచెము చెప్పవలెను. క్రింద రాలవలసిన నీరు రాలక పైపైకి పోయి, గడ్డకట్టు ఎత్తును చేరి, అచట మంచుగా మారునప్పుడు విడుదలయగు వేడిమిచే మబ్బు మరింత ఉప్పొంగి, ఆలస్యముగా, ఉరుములతోడను వడగండ్లతోడను ఒక్కమారుగా కురియునని కొందరు శాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఇది ఎంతవరకు నిజమను విషయమున వారిలో నేటికిని వాదము కలదు. నిజమే యైనను మెట్టరైతునకు అది ఊరట కాదు. మనకు కావలసినది నేల నానునట్టి మెత్తని వాన; గట్లు తెంచి పారు వాన కాదు.

మసి చేయు పని

ఇంతవరకు పొగను తెల్లని దానివలె చెప్పితిని. దానిలో నల్లని మసియు కలదు. మసి రశ్మిని మరలింపదు, మ్రింగును. మన నల్లరేగడి నేల మధ్యాహ్నమున కాలు పెట్టనీయనంత కాగును గదా. ఆ నలుపును గాలిలో పరచినట్లూహింపుడు. మసి తానున్న పొరను వేడిచేసి, క్రింది నేలకు రావలసిన ఎండను తగ్గించును. మబ్బు పుట్టవలెనన్న నేల కాగి గాలి పైకి లేవవలెను. నేల చల్లగను పైపొర వెచ్చగను ఉన్నచో గాలి లేవదు. ఉన్న మబ్బును ఆ వెచ్చదనమున కరగిపోవును.

దక్షిణ అమెరికాలోని అమెజాను అడవులపై దీనిని కొలిచిరి. పొగ లేని తావులలో ఆకాశమున నూటికి 38 పాళ్లు చిన్నమబ్బులు కప్పియుండగా, దట్టమైన పొగయున్న తావులలో అవి యించుమించుగా లేకుండ పోయినవని 2004లో ప్రకటింపబడినది. మన సముద్రమునను ఇట్టిది కలదు. తమిళనాట జన్మించిన వీరభద్రన్ రామనాథన్‌గారును, నోబెలు బహుమానము పొందిన పాల్ క్రుట్జెన్‌గారును ముందుండి నడపిన హిందూమహాసముద్ర పరిశోధన 1999లో జరిగినప్పుడు, చలికాలమున మన ఉపఖండమునుండి సముద్రముపైకి సాగు పొగమంచు సుమారు మూడు కిలోమీటర్ల ఎత్తు వరకు వ్యాపించియుండుట కనబడినది. అది యంతయు అడవిపొగ కాదు. పొయ్యిలపొగ, బండ్లపొగ, కర్మాగారముల పొగ, పొలములలో తగులబెట్టిన చెత్తపొగ అన్నియు అందులో కలవు. మబ్బునకు మాత్రము ఏది యెవరిదో తెలియదు.

మన కొండలు, మన వాన

ఇక మన ఊరి లెక్కకు వత్తము. న్యాయముగా చెప్పవలెనన్న, మన కొండలలో నిప్పు పుట్టు కాలమును, మన పెద్దవాన కాలమును ఒకటి కావు. నిప్పులు మాసి మొదలు చిత్తిరై వరకు. పెద్దవాన ఐప్పసి, కార్తికములలో. పంగునిలో లేచిన పొగ ఐప్పసి వరకు గాలిలో నిలువదు; క్రిందిగాలిలోని పొగకు ఆయువు కొన్ని దినములు, మించిన రెండు వారములు. కావున ఐప్పసి వాన తప్పినప్పుడెల్ల కొండపొగపై నింద వేయుట తగదు.

ఆపద వేసవివానకు. ఆ కాలపు మబ్బులు మధ్యాహ్నపు ఎండకు పుట్టి సాయంకాలమునకు కురియునట్టివి. వానికి కావలసినవి రెండు: నేల కాగుట, బిందువు బలియుట. పొగ ఈ రెండింటిని చెరుపును. వేసవివాన ఎంతటిదని తేలికగా తలపరాదు. ఒకటి రెండు పదునులు తగిలిననేగదా కరిసల్‌కాటిలో వేసవిదుక్కి సాగుట! ఆ దుక్కి సాగిననేగదా ఐప్పసి వాన నేలలోనికి ఇంకుట! వేసవిలో పోయిన నాలుగు చినుకుల నష్టము కార్తికమున తెలియును.

దీనికంటె పెద్ద నష్టము మరియొకటి. కొండపై అడవి ఒక చెరువు వంటిది. కంటికి కనబడని చెరువు. దాని ఆకుదుప్పటి వాననీటిని పట్టి, మెల్లమెల్లగా వాగులకు విడుచును. సాత్తూరు మీదుగా పారు వైప్పారునకు ఆ పడమటి కొండలే పుట్టిల్లు. మాటిమాటికి నిప్పు తగిలిన చరియలలో ఆకుదుప్పటి కాలిపోయి, మట్టి గట్టిపడి, వాన పడినంతనే నీరు పరుగెత్తిపోవును. మేఘమలై అని పేరుగాంచిన కొండ మనకు చెంతనే యున్నది. మబ్బులు నిలుచు కొండ కనుకనే దానికి ఆ పేరు. అడవి పోయిన కొండపై మబ్బు నిలిచినను నీరు నిలువదు. శ్రీవిల్లిపుత్తూరు కొండలు మనకు మరియొక విధముగను ఆప్తములు. కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద కథ జరిగినది ఆ కొండల నీడనే. 1988లో ఆ అడవిని బూడిదరంగు పెద్ద ఉడుతల అభయారణ్యముగను, 2021లో మేఘమలైతో చేర్చి పులుల అభయారణ్యముగను ప్రకటించిరి.

కార్చిచ్చునకు మనుష్యులు బలియగుటను మనము మరువలేదు. 2018 మార్చి 11వ తేదిన తేనిజిల్లా కురంగణి కొండలలో నడకకు పోయిన యువతీయువకులు మంటలలో చిక్కుకొనగా ఇరువదిమందికి పైగా ప్రాణములు కోల్పోయిరి.

దూరపు నిప్పు

మన కొండల నిప్పు చిన్నది. పెద్ద అడవుల నిప్పు ఆకాశమునే మార్చగలదు. 2019 తుదిలోను 2020 మొదటను ఆస్ట్రేలియాలో రగిలిన కార్చిచ్చు అట్టిది. మంట వేడిమికి పొగయే నిలువుగా లేచి ఉరుముమబ్బుగా మారినది. నిప్పు తనకు తానే మబ్బును కట్టుకొనినది. ఆ మబ్బు చాలక కురిసి, పిడుగులు విసరి, క్రొత్త నిప్పులు పుట్టించినది. ఆ మబ్బులు పొగను వానలు పుట్టు పొరకు పైనున్న నిశ్చలమైన గాలిపొరలోనికి చేర్చినవి. అచట వాన లేదు, కడిగివేయువారు లేరు. పొగముద్ద యొకటి వేయి కిలోమీటర్ల వెడల్పున నిలిచి, సూర్యరశ్మిని మ్రింగి కాగి, తనంత తానే 35 కిలోమీటర్ల ఎత్తునకు ఎక్కినది. అట్టి పొరలను నేలనుండి కాంతిరేఖలతో పరిశీలించు సాధనములు మన దేశమునను కలవు. తిరుపతి చెంత గాదంకిలోని జాతీయ వాతావరణ పరిశోధనశాల వానిలో నొకటి.

ఆ పొగలో క్రిందిపొరలలో నిలిచిన భాగము పసిఫిక్ మహాసముద్రముపై తేలిపోయి, అచటి మబ్బులను తెల్లబరచి, సముద్రమును చల్లార్చినదని 2023లో ప్రకటింపబడిన ఒక పరిశోధన చెప్పుచున్నది. 2020 మొదలు 2023 వరకు వరుసగా మూడు శీతకాలములు నిలిచిన ‘లా నినా’ అను సముద్రపు చల్లదనమునకు ఈ పొగయు తోడ్పడినదని ఆ శాస్త్రజ్ఞుల అభిప్రాయము.

పసిఫిక్ చల్లబడిన మనకేమి? మన ఐప్పసి వానకు ఆ సముద్రముతో ముడి కలదు. ఆ సముద్రము వేడెక్కు ‘ఎల్ నినో’ సంవత్సరములలో ఈశాన్య ఋతుపవనము బలముగను, చల్లబడు సంవత్సరములలో కొంత బలహీనముగను ఉండుట సామాన్యము. 2015లో ఎల్ నినో. చెన్నపట్టణము నీట మునిగినది. 2016లో సముద్రము చల్లబడినది. తమిళనాట ఈశాన్యవాన నూటికి 62 పాళ్లు తగ్గినది. కాని ఇది తప్పని నియమము కాదు. 2021లో లా నినా యుండియు మన రాష్ట్రమున వాన సమృద్ధిగా కురిసినది. ఆకాశపు లెక్కలో అంశము లనేకములు. పొగ వానిలో నొకటి. అయినను ఎక్కడనో ఆస్ట్రేలియా అడవిలో లేచిన పొగ మన ఏరువాకను తాకగల దారి యొకటి కలదని తెలియుట చిన్న సంగతి కాదు.

జమాఖర్చు

ఇచట నొక సందేహము. పొగ మబ్బును తెల్లబరచి భూమిని చల్లార్చునని నేనే చెప్పితిని. భూమి వేడెక్కుచున్నదని లోకమంతయు మొరపెట్టుకొనుచుండగా, ఈ చల్లదనము మేలే కదా అని అడుగువారు కలరు.

విరుదునగరమున వర్తకము తెలియనివారు లేరు. కనుక జమాఖర్చు భాషలోనే బదులు చెప్పెదను. అడవి తగులబడినప్పుడు ఖాతాలో రెండు పద్దులు పడును. ఒకటి పొగ, రెండవది బొగ్గుపులుసు గాలి, అనగా కార్బన్ డయాక్సైడు. పొగ ఇచ్చు చల్లదనము నాలుగునాళ్ల చేబదులు. వాన వచ్చినంతనే కడుగుకొనిపోవును. పై పొరకు ఎక్కినది సయితము నెలలు, మించిన ఒకటి రెండు సంవత్సరములకు తీరిపోవును. బొగ్గుపులుసు గాలి అట్లు కాదు. దానిలో మంచిభాగము నూర్ల సంవత్సరములు నిలుచును. అడవి మరల అదేచోట అంత దట్టముగా పెరిగిననే ఆ అప్పు తీరును. మరుసటి వేసవిలో మరల నిప్పు పడినచో వడ్డీమీద వడ్డీ. 2023లో కెనడా అడవులు మండినప్పుడు వెలువడిన బొగ్గుపులుసు గాలి, ఆ సంవత్సరమున చైనా, అమెరికా, భారతదేశములు తప్ప తక్కిన ఏ ఒక్క దేశమును బొగ్గు, చమురులవలన వెలువరించినదానికంటె అధికమని లెక్కించిరి. భూమి వేడెక్కిన కొలది అడవి యెండును; అడవి యెండిన కొలది నిప్పు సులభమగును. చేబదులు చూచి సంతోషించి అసలప్పు మరచు వర్తకుని అంగడి ఎన్నినాళ్లు నిలుచును?

మరియొక మాట. ఆ చేబదులు చల్లదనమును ఉచితముగా రాలేదు. దాని వెల ఏ మబ్బు కురియకపోయెనో ఆ మబ్బు క్రింది రైతు చెల్లించెను.

మన వంతు

కెనడా నిప్పును మన మార్పలేము. మన కొండ నిప్పు విషయమున మనకు వంతు కలదు. మన దేశమున కార్చిచ్చులలో మిక్కిలి హెచ్చుభాగము మనుష్యుల చేతివలననే పుట్టుచున్నవని అటవీశాఖవారు చెప్పుదురు. పిడుగుపాటున పుట్టునవి బహుకొద్ది. అగ్గిపుల్ల మన సీమ సొత్తు. 1923 ప్రాంతమున అయ్య నాడారు, షణ్ముగ నాడారుగార్లు కలకత్తాలో పని నేర్చుకొనివచ్చి శివకాశిలో ఆ పరిశ్రమ నారంభించినది మొదలు, శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి పెట్టెలు దేశమంతట వెలుగుచున్నవి. అగ్గిపుల్లను లోకమునకిచ్చిన ఊరివారు దానిని ఆర్పు విధమును లోకమునకు చూపుట ఉచితము.

చేయదగిన పనులు పెద్దవి కావు. కొండచేరువ పొలములున్నవారు ప్రత్తికట్టెలను, ఎండుగడ్డిని, గట్లపై చెత్తను వేసవిగాలిలో తగులబెట్టక, మగ్గబెట్టి ఎరువు చేసికొనవచ్చును; కాలిన ఎరువు గాలికి పోవును, మగ్గిన ఎరువు నేలలో నిలుచును. అమావాస్య, పూర్ణిమలకు చతురగిరి యెక్కు యాత్రికులు కర్పూరము, బీడి, వంటపొయ్యి నిప్పును పూర్తిగా ఆర్పి, మన్ను కప్పిన పిదపనే కదలవలెను. సీమకరువేలపు కరిమూట్టములు వేయువారు కొండగాలి వీచు దినములలో కావలియుండవలెను. క్రొత్తగడ్డి మొలచునని పాతగడ్డికి నిప్పుపెట్టు అలవాటును పశుల కాపరులకు నచ్చజెప్పి మాన్పవలెను; గద్దించిన మానరు. డెహ్రాడూనులోని భారత అటవీ పరిశీలన సంస్థవారు ఉపగ్రహములద్వారా నిప్పును గుర్తించి అటవీశాఖకు తెలుపుచున్నారు. అయినను ఉపగ్రహము చూచునప్పటికి చరియ సగము కాలవచ్చును. మైదానమున నిలిచి తొలిపొగను చూచిన మనిషి కన్ను దానికంటె ముందుది. చూచినవాడు ఇంకెవరో చెప్పుదురని ఊరకుండరాదు.

మన పిల్లలకు తెలుగు అక్షరములు నేర్పుచున్నాము. వానితోపాటు ఈ లెక్కయు నేర్పుదము: మబ్బునకు బీజము కావలెను, కాని బీజము మించిన మబ్బు గొడ్డుపోవును. పెద్దలు పొగలో మేఘమును చూచిరి, అది నిజము. ఆ పొగ యెంత యుండవలెనో తెలిసికొనుట మన తరమువారి పని.